బోర్నియో బ్యాక్‌ప్యాకింగ్: కొండ ఆయనకి, సంత నాకు, రోజులు మాత్రం చాలట్లేదు

హెబ్బాళ్_హరిత
మార్చి చివర్లో ఇద్దరికీ ఒకేసారి లీవ్ దొరికింది. శని ఆదివారాలు కలుపుకుంటే పది పన్నెండు రోజులు వస్తాయి. భుజాన బ్యాగులు వేసుకుని బోర్నియోలో మలేసియా వైపున్న సబా రాష్ట్రం తిరిగొద్దాం అనుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. ఎక్సెల్ షీటు తెరిచిన రోజు నుంచే గొడవ.

మా ఆయనకి కినబాలు కొండ ఎక్కాలి. 4,095 మీటర్లు. ప్లానంతా దాని చుట్టూనే తిప్పుతున్నాడు. నాకేమో సబా రాజధాని కోట కినబాలులో ఆదివారం పొద్దున గాయా వీధిలో జరిగే సంత చూడాలి, దారిలో ఊళ్ళలో ఆగాలి, ఆ తర్వాత సండకాన్ వైపు అడవి, ఒరాంగుటాన్లు, నది మీద పడవ. ఆయన షీటు ప్రకారం ఆదివారం తెల్లవారుజామున మేమిద్దరం కొండ శిఖరం మీద ఉన్నాం! సంతకి ఎదురుగా ఉన్న గడిలో "టైముంటే" అని రాసి పెట్టాడు.

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. కొండకి నిజంగా ఎన్ని రోజులు పోతాయి? నేను కూడా ఎక్కి తీరాలా? నేను గుడ్డు దాకా తింటాను, చేపలూ మాంసం ముట్టను, అక్కడ ఏం తినాలి? పైగా మా అత్తగారు "డబ్బు పోసి జలగల చేత కరిపించుకోవడానికి అంత దూరం పోవాలా" అంటున్నారు. ఆవిడకి ఏం జవాబు చెప్పాలో కూడా తోచట్లేదు.

కేఆర్‌పురం_కిట్టు
అత్తగారి మాటే రైటు. మన బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడండి, ఖర్చు లేకుండా అడ్వెంచర్.

మలెనాడు_మూర్తి
కిట్టూ, జోకులు తర్వాత. హరిత గారూ, నా మాట వింటే పాస్‌పోర్టు బీరువాలోనే ఉంచండి. కొండా, సంతా, వర్షారణ్యం మూడూ మనకి ఒక రాత్రి బస్సు దూరంలో ఉన్నాయి. పశ్చిమ కనుమల్లో మన మలెనాడు ఉంది కదా, అక్కడి ఆగుంబెలో ఏడాదికి సగటున ఏడు వేల మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. రాచనాగుల మీద పరిశోధన చేసే ఆగుంబె రెయిన్‌ఫారెస్ట్ రీసెర్చ్ స్టేషన్ అక్కడే ఉంది, 2005లో రోములస్ విటేకర్ పెట్టింది. కొండ కావాలా, కుదురెముఖ 1,894 మీటర్లు. పక్కనే శృంగేరి, హొరనాడు. అత్తగారిని కూడా తీసుకెళ్ళొచ్చు, హొరనాడు అన్నపూర్ణేశ్వరి గుడిలో అందరికీ భోజనం పెడతారు. తిరుగుదారిలో మైసూరు దేవరాజ మార్కెట్ చూసుకుంటే సంత ముచ్చట కూడా తీరిపోతుంది. ఇద్దరికీ కలిపి అయ్యే ఖర్చులో మీకు బోర్నియోకి ఒక విమానం టికెట్ కూడా రాదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
బ్యాక్‌ప్యాకింగ్ ట్రిప్‌కి అత్తగారిని కూడా తీసుకెళ్ళమంటున్న మొదటి మనిషి మీరే మూర్తి గారూ.

వైట్‌ఫీల్డ్_వాణి
మూర్తి గారు చెప్పిన చోట్లు నాకూ ఇష్టమే, కానీ నెల చూసుకోవాలి కదండీ. మార్చికల్లా అక్కడ గడ్డి అంతా ఎండి ఉంటుంది, కార్చిచ్చు భయంతో అటవీ శాఖ ట్రెక్కులు మూసేయడం మామూలే. తెరిచి ఉన్నా కుదురెముఖకి రోజుకి మూడొందల మందికే అనుమతి, అది కూడా 'అరణ్య విహార' సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి. వారాంతం స్లాట్లు ఇట్టే అయిపోతాయి. ఆగుంబెకి వానలు తగ్గాక, సెప్టెంబరు అక్టోబరుల్లో వెళ్ళండి.

మలెనాడు_మూర్తి
మార్చి సంగతి ఒప్పుకుంటాను. కానీ బోర్నియోలో మాత్రం మార్చిలో ఏముంటుంది, వాన తప్ప?

వైట్‌ఫీల్డ్_వాణి
కినబాలు వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిగతా నెలలకంటే పొడిగా ఉంటుంది. అలాగని వాన ఉండదని కాదు, మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మేస్తుంది. పొద్దున్నే బయల్దేరమనేది అందుకే. ఇంకోటి, రంజాన్ పండగ ఆ ఏడాది ఎప్పుడొస్తుందో చూసుకోండి. పండగ సెలవుల్లో బస్సుల్లో సీట్లు దొరకవు.

కొండ_పిచ్చోడు
హరిత చెప్పిన ఆ "మా ఆయన" నేనే. రెండో వైపు కథ కూడా వినండి. "టైముంటే" అని రాసింది సంత మీద చిన్నచూపుతో కాదు, ఆ గడిలో పట్టక. పూర్తి వాక్యం "టైముంటే రెండోసారి కూడా వెళ్దాం".

కేఆర్‌పురం_కిట్టు
అబ్బబ్బా! ఈ సమాధానం ఇంట్లో చెప్పి బతికే ఉన్నారా, లేక చెప్పకుండా ఇక్కడే మొదటిసారి రాశారా?

హెబ్బాళ్_హరిత
మొదటిసారే. పక్క గదిలో కూర్చుని టైపు చేస్తున్నాడు, కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది.

జయనగర్_జానకి
నేను, మావారు సబా వెళ్ళొచ్చాం. మా ఇద్దరికీ యాభై దాటాయి, కాబట్టి చిన్నవాళ్ళు మీకు ఇంకా సులువే. వరసగా చెబుతాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

కొండకి కాగితం మీద రెండు రోజులు, చేతిలోంచి పోయేవి నాలుగు. కోట కినబాలు నుంచి పార్కు గేటుకి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, అందుకని ముందు రోజు రాత్రికే అక్కడికో పక్కనున్న కుండసాంగ్ ఊరికో చేరిపోవాలి. మొదటి రోజు తింపోహోన్ గేటు దగ్గర మొదలు, అది 1,866 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు ఎక్కితే పనలబాన్, దాదాపు 3,270 మీటర్లు. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, దారిలో ఎక్కువ భాగం మెట్లే. సాయంత్రమే అన్నం పెట్టి పడుకోమంటారు. మళ్ళీ అర్ధరాత్రి దాటాక లేపి, రెండు రెండున్నరకి టార్చిలైట్లతో పైకి తీసుకెళతారు. అక్కడి నుంచి చెట్లుండవు, నల్లటి నున్నని గ్రానైట్ బండ, దాని మీద పరిచిన తెల్ల తాడు. ఆ తాడు పట్టుకుని వెళ్ళాలి. సయాత్ సయాత్ అనే చెక్‌పోస్టు ఉంటుంది, అక్కడికి అయిదింటిలోపు చేరకపోతే వెనక్కి పంపేస్తారు. శిఖరం చూసుకుని మధ్యాహ్నానికల్లా మొత్తం దిగిపోవాలి, అంటే ఆ ఒక్కరోజే దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దిగుడు. ఎక్కడం ఊపిరి తీస్తే దిగడం మోకాళ్ళు తీస్తుంది. మర్నాడు మావారు బస్సు మెట్లు కూడా వెనక్కి తిరిగి దిగారు, డ్రైవరు చూసి నవ్వుకున్నాడు. అతనికి అది రోజూ కనపడే దృశ్యమే కదా.

ఇక నేనా? నేను ఎక్కలేదు. కుండసాంగ్‌లో ఉండిపోయాను. ఆ రెండు రోజులూ నాకు ట్రిప్పులో బాగా నచ్చిన రోజులు.

మత్తికెరె_మాధవ్
జానకి గారూ, అర్థం కాక అడుగుతున్నా. ఇద్దరూ కలిసి వెళ్ళిన ట్రిప్పులో విడివిడిగా తిరిగితే ఇంక కలిసి వెళ్ళడం దేనికి? నేనైతే ఆయనతోపాటే ఎక్కమంటాను. లేదంటే ఇద్దరూ మానేయండి.

జయనగర్_జానకి
మాధవ్ గారూ, మావారు కొండ మీద ఉన్నప్పుడు నేను ఆపకుండా "ఇంకెంత దూరం" అంటూ ఉంటే ఆయనకి శిఖరం కనపడదు, నాకు పువ్వులు కనపడవు. రాత్రి భోజనం దగ్గర ఇద్దరికీ చెప్పుకోవడానికి రెండు వేరు వేరు కబుర్లు ఉన్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒకరికి తెలియని కబురు ఇంకొకరు చెప్పడం ఎంత అరుదో మీకు ఇంకా తెలిసి ఉండదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
మాధవ్ అన్నా, నీకు పెళ్ళయిందా?

మత్తికెరె_మాధవ్
నవంబరులో.

సిల్క్‌బోర్డు_బాధితుడు
అదీ సంగతి.

హెబ్బాళ్_హరిత
జానకి గారూ, కుండసాంగ్‌లో ఒంటరిగా ఏం చేశారు? బోర్ కొట్టలేదా? ఆడమనిషి ఒక్కరే ఉండటానికి ఇబ్బందేమీ లేదా?

జయనగర్_జానకి
ఊరు చల్లగా ఉంటుంది, కిటికీ తీస్తే ఎదురుగా కొండే. రోడ్డు పక్కన వరసగా కూరగాయల కొట్లు, క్యాబేజీలు, స్ట్రాబెర్రీలు, అడవి తేనె. ఒక కొట్టులో ఆవిడ సీసా మూత తీసి వాసన చూపించింది. తుహావ్ అంటారట, అడవిలో దొరికే అల్లం జాతి మొక్క కాడని సన్నగా తరిగి, మిరపకాయ, ఉప్పు, వెనిగర్ వేసి ఊరబెడతారు. ఆ ఘాటు ముక్కులోంచి నేరుగా నడినెత్తికెక్కింది. ఇంకోటి బంబంగాన్, అడవి మామిడి. టెంక కోరి, ఉప్పు కలిపి పచ్చడి పెడతారు. మామిడికాయ ఊరగాయ పెట్టే మనుషులు మనకి ఎక్కడున్నా చుట్టాలే అనిపించింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు మలయ్ రాదు, అయినా ఉప్పు ఎంత వేయాలో ఇద్దరం వేళ్ళతో చూపించుకుని అరగంట మాట్లాడుకున్నాం.

రెండో పూట కుండసాంగ్ యుద్ధ స్మారకం చూశాను. 1945లో జపాన్ సైన్యం సండకాన్ నుంచి రానావు దాకా బ్రిటిష్, ఆస్ట్రేలియా ఖైదీలను అడవిలోంచి నడిపించింది. సండకాన్ శిబిరంలోనూ ఆ నడకలోనూ కలిపి పోయినవాళ్ళు రెండు వేల నాలుగు వందల పైన, బతికి బయటపడింది ఆరుగురు. అందరూ ఆస్ట్రేలియన్లే. గోడ మీద పేర్లు చదువుతూ చాలాసేపు ఉండిపోయాను. మీరు మర్నాడు సండకాన్ వెళ్ళే బస్సు వాళ్ళని నడిపించిన దిక్కుకి సరిగ్గా ఎదురు దిక్కులో వెళ్తుంది.

ఒంటరిగా ఉన్నానని ఎవరూ వింతగా చూడలేదు. చీకటి పడేలోపు గదికి చేరేదాన్ని, అంతే.

కొండ_పిచ్చోడు
జానకి గారూ, మీవారు కొండకి ముందు ఎంత ప్రాక్టీస్ చేశారు? నేను వారం వారం సావనదుర్గ ఎక్కుదామని అనుకుంటున్నా.

జయనగర్_జానకి
సావనదుర్గ, శివగంగె రెండూ ఎక్కేవారు. అసలు పని చేసింది మాత్రం మా అపార్టుమెంటు మెట్లే. బ్యాగులో బియ్యం సంచి వేసుకుని పై అంతస్తు దాకా ఎక్కి దిగేవారు. వాచ్‌మన్ మొదట్లో "సార్, లిఫ్ట్ సరిగ్గానే ఉంది" అని చెప్పేవాడు.

హోస్కోటె_రెడ్డి
మేం ఫ్రెండ్సు అంతా కుమార పర్వతం (1,712 మీటర్లు) ఎక్కి "ఇంక ఏ కొండైనా ఓకే" అనుకున్నాం. అది వేరు, ఇది వేరు. మన దగ్గర ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఉండదు. దక్షిణాదిలో ఎంత ప్రాక్టీస్ చేసినా కాళ్ళకే, తలకాయకి కాదు.

చామరాజపేట_డాక్టరమ్మ
రెడ్డి గారు చెప్పింది ముఖ్యమైన మాట. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. వయసుకీ కండబలానికీ దానితో సంబంధం లేదు. కినబాలు విషయంలో చిక్కేమిటంటే ఒక్కరోజులో అంత ఎత్తుకి తీసుకెళ్ళి, ఆ రాత్రే ఇంకా పైకి లేపుతారు. అందుకే ముందు రాత్రి కోట కినబాలులో సముద్రం ఒడ్డున కాకుండా కుండసాంగ్‌లో పడుకోవడం మంచిది. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలనుకుంటే మీ డాక్టరుని అడిగే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం మొదలైతే శిఖరం వంద మీటర్లే ఉన్నా దిగిపోవడమే. గైడుకి చెప్పడానికి మొహమాటపడొద్దు.

మలెనాడు_మూర్తి
డాక్టరమ్మా, అడవి సంగతి కూడా చెప్పండి. దోమలూ, జలగలూ, మలేరియా... అందుకే నేను మలెనాడు అన్నది.

చామరాజపేట_డాక్టరమ్మ
మూర్తి గారూ, మలెనాడుకి మంగన జ్వరం ఉంది కదా. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలోనే మొదట బయటపడింది, కోతుల మీదుండే పిడుదుల వల్ల మనుషులకి వస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా దాని సీజను. అంటే మీరు పంపాలనుకున్న మార్చిలో. సబాలోనూ కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకి వచ్చే మలేరియా ఒకటుంది, దాని పేరు నోలెసి. ఎక్కడికెళ్ళినా చేయాల్సింది ఒకటే. చేతులు, కాళ్ళు కప్పే లేత రంగు బట్టలు, ఒంటికి దోమల మందు, సాయంత్రం పూట జాగ్రత్త. వచ్చాక నెలలోపు జ్వరం వస్తే డోలో వేసుకుని ఊరుకోకుండా, "ఫలానా అడవికి వెళ్ళొచ్చాను" అని డాక్టరుకి మొదటే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే మామూలు వైరల్ అనుకుని రోజులు గడిచిపోతాయి.

జలగల వల్ల మామూలుగా జబ్బులేమీ రావు. అసహ్యం, కాసేపు ఆగని రక్తం, దురద, అంతే. అత్తగారికి అలా చెప్పండి.

హెబ్బాళ్_హరిత
అత్తగారికి చదివి వినిపించాను. "రక్తం ఆగదట, వింటున్నావా" అని కొడుకుతో అన్నారు.

కేఆర్‌పురం_కిట్టు
😂😂 డాక్టరమ్మ గారూ, మీరే కేసు ఓడగొట్టారు.

గోంగూర_గ్యాంగ్
జలగలకి సాక్సులు ఉంటాయి, గుడ్డతో కుట్టినవి, మోకాలి దాకా వస్తాయి. సుకావ్ (నది మీద పడవలెక్కే ఊరు), సెపిలోక్ (ఒరాంగుటాన్ల కేంద్రం) వైపు బస చేసే చోట్ల అమ్ముతారు కూడా. ప్యాంటు వాటిలోకి దోపేసి పైన ముడి కట్టేయాలి. మా ఊరి పొలాల్లో అయితే పొగాకూ సున్నమే మందు. ఎక్కినదాన్ని పట్టి లాగకండి, గోరు అంచుతో నోటి దగ్గర తోసేస్తే ఊడి వస్తుంది.

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు కదా. హరిత గారూ, మాంసం లేదని చెప్పి పెట్టే కూరల్లో కూడా బెలచాన్ ఉంటుంది, అంటే ఎండు రొయ్యల ముద్ద. మన తూటికూర అక్కడ కంగ్‌కుంగ్ పేరుతో అన్ని హోటళ్ళలోనూ కనిపిస్తుంది, చూడగానే నోరూరుతుంది. ఆర్డరిచ్చే ముందే "బెలచాన్ వద్దు" అని చెప్పాలి. తమిళ ముస్లింల మామక్ హోటళ్ళు దొరికితే పొద్దున రోటీ చనాయ్, పక్కన పప్పుచారు లాంటిది పోస్తారు, గుడ్డుతో కూడా చేస్తారు. ఊళ్ళు దాటాక మాత్రం అన్నం, వేయించిన గుడ్డు, పండ్లు. పులిహోర పొడి, అటుకులు, కందిపొడి పట్టుకెళ్ళండి. ఊరగాయ మాత్రం వద్దు. ఎంత గట్టిగా మూత పెట్టినా విమానంలో నూనె కారుతుంది. మా బావమరిది తెల్ల చొక్కా ఇప్పటికీ మాగాయ రంగులోనే ఉంది.

వైట్‌ఫీల్డ్_వాణి
బ్యాగుల సంగతి నేను చెబుతా. సూట్‌కేసు వద్దే వద్దు. సుకావ్‌లో పడవ దిగాక చెక్క వంతెనలు, బురద. నలభై లీటర్ల బ్యాగు ఒక్కొక్కరికి చాలు. కొనేటప్పుడు షాపులోనే ఏడెనిమిది కిలోల బరువు వేయించుకుని ఒక పావుగంట తిరగండి. నడుము బెల్టు తుంటి ఎముక మీద కూర్చోవాలి, భుజాల పట్టీలు ఊరికే ఆనుకోవాలి. బరువంతా భుజాల మీదే ఉంటే సైజు తప్పని అర్థం. కొండకి పెద్ద బ్యాగు మోయక్కర్లేదు, కింద వదిలేసి చిన్నది తీసుకెళ్ళొచ్చు. పనలబాన్‌లో పక్క, దుప్పటి, భోజనం వాళ్ళే ఇస్తారు. కావాలంటే కిలో లెక్కన మోసే కూలీలు కూడా ఉంటారు.

ప్లగ్గులు అక్కడ చదరపు మూడు పుల్లలవి, అడాప్టర్ పెట్టుకోండి.

మత్తికెరె_మాధవ్
ఈ ఖర్చు మాట కూడా ఎవరైనా చెప్పండి. కొండకి ఎంతవుతుంది?

హోస్కోటె_రెడ్డి
పర్మిట్, గైడు, ఇన్సూరెన్సు, పైన మంచం, భోజనం కలిపి మనిషికి ముప్పై వేల పైమాటే. గైడు లేకుండా ఎక్కనివ్వరు. రోజుకి ఇంతమందికే అని లెక్క, పైన మంచాలు ఎన్ని ఉంటే అన్ని పర్మిట్లు. నెలల ముందే అయిపోతాయి, మార్చికి ఇప్పటికే దొరక్కపోవచ్చు.

మత్తికెరె_మాధవ్
ఇద్దరికీ అరవై వేలు పైన! సరే, విడివిడిగా తిరగడంలో కూడా పాయింటుంది.

జయనగర్_జానకి
అనుకున్నదానికంటే త్వరగా దారికొచ్చారు మాధవ్ గారూ.

మలెనాడు_మూర్తి
భూకంపం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 2015 జూన్ 5న కినబాలు దగ్గర 6.0 తీవ్రతతో వచ్చింది, కొండ మీద రాళ్ళు దొర్లి పద్దెనిమిది మంది పోయారు. అందులో సింగపూరు నుంచి వచ్చిన స్కూలు పిల్లలు ఉన్నారు.

హోస్కోటె_రెడ్డి
నిజమే. దాని తర్వాత పాడైన దారిని వదిలి కొత్త దారి వేశారు, కొన్ని నెలలు మూసి ఉంచి మళ్ళీ తెరిచారు. ఆ వారం ముందే కొంతమంది విదేశీయులు శిఖరం మీద బట్టలు విప్పి ఫొటోలు దిగారు. అక్కడి కడజాన్ దుసున్ జనానికి ఆ కొండ పితరుల చోటు. వాళ్ళ మనసు ఎంత కష్టపడిందో ఊహించుకోండి, ఆ ఫొటోలు దిగినవాళ్ళలో నలుగురికి కోర్టు శిక్ష వేసింది. తిరుమల కొండ మీద ఎవరైనా అలా చేస్తే మనం ఊరుకుంటామా? గైడు ఎక్కడైనా ఆగి నిశ్శబ్దంగా ఉండమంటే ఉండండి, గట్టిగా అరవకండి.

కొండ_పిచ్చోడు
అప్‌డేట్. పర్మిట్ల గురించి ఏజెంటుకి రాశా. శని, ఆదివారాల మంచాలు పూర్తిగా అయిపోయాయి. మంగళవారం ఎక్కి బుధవారం దిగే స్లాటులో ఒకటి ఖాళీ ఉంది. ఒక్కటే.

కేఆర్‌పురం_కిట్టు
కినబాలు కొండే తీర్పు చెప్పేసింది.

హెబ్బాళ్_హరిత
అంటే ఆదివారం సంతలో ఉంటాం! "ఒక్కటే" అన్నప్పుడు మా ఆయన మొహంలో బాధ, సంతోషం రెండూ కనిపించాయి, ఏది ముందు వచ్చిందో చెప్పను. నాకైతే టెన్షన్ దిగిపోయింది. ఆయన ఎక్కుతాడు, నేను కుండసాంగ్‌లో తుహావ్ కొంటాను.

ఇప్పుడు వరస ఇలా అనుకుంటున్నాం, తప్పులుంటే చెప్పండి. శనివారం కోట కినబాలు. ఆదివారం సంత, సాయంత్రం రాత్రి బజారు. సోమవారం పొద్దున్నే బయల్దేరి, దారిలో నబాలు దగ్గర ఆగి, కుండసాంగ్. బుధవారం దాకా కొండ. గురువారం బస్సులో సెపిలోక్. అక్కడి నుంచి సుకావ్ రెండు రాత్రులు. సండకాన్ నుంచి విమానంలో వెనక్కి.

జయనగర్_జానకి
గురువారం తీసేయండి. బుధవారం కొండ దిగిన మనిషిని మర్నాడు పొద్దున్నే నాలుగైదు గంటల బస్సు ఎక్కిస్తే మీవారు సెపిలోక్‌లో ఒరాంగుటాన్ కంటే వంగి నడుస్తారు. గురువారం పోరింగ్ వేడి నీటి బుగ్గల్లో కాళ్ళు ముంచుకోమనండి, రానావు దాటాక దగ్గరే. ఆ దారిలో ఎక్కడైనా రఫ్లీసియా అనే పేద్ద అడవి పువ్వు పూసిందని బోర్డు కనిపిస్తే ఆగండి, ఇంటివాళ్ళు కొంత డబ్బు తీసుకుని చూపిస్తారు. పువ్వు విచ్చాక వారం కూడా ఉండదు, కాబట్టి అది ప్లాన్‌లో రాసుకునేది కాదు. శుక్రవారం సెపిలోక్ వెళ్ళండి.

హెబ్బాళ్_హరిత
ఎక్సెల్‌లో గురువారం గడిలో నేనే రాశాను: "ఏమీ చేయకూడదు".

గోంగూర_గ్యాంగ్
సెపిలోక్‌లో మేత పెట్టే వేళలు పొద్దున పది, మధ్యాహ్నం మూడు. అడవిలో పండ్లు బాగా దొరికే రోజుల్లో అవి రావు కూడా, రాకపోతే వాటికి మంచిదని అనుకోవాలి. తల్లులు పోయిన పిల్లల్ని పెంచి అడవికి అలవాటు చేయడానికే 1964 నుంచి ఆ కేంద్రం నడుస్తోంది. బ్యాగులు, సీసాలు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, లాకర్లో పెట్టాలి. పక్కనే సన్ బేర్ ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు.

సుకావ్‌లో పడవ సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి తప్పకుండా ఎక్కండి. పొడుగు ముక్కు కోతులు పొద్దువాలే వేళకి ఏటి ఒడ్డున చెట్ల మీదకి చేరతాయి. ఒక మాట ముందే చెబుతున్నా, సండకాన్ నుంచి సుకావ్ దాకా బస్సు కిటికీలోంచి మీకు కనిపించేది అడవి కాదు, పామాయిల్ తోటలు. గంటల తరబడి అదే చెట్టు. కినబతంగాన్ ఏటి వెంట 2005లో అభయారణ్యం చేసిన 26,000 హెక్టార్లు కూడా ముక్కలు ముక్కలుగానే మిగిలింది. జంతువులు అంత బాగా కనిపించడానికి ఒక కారణం, వాటికి వెళ్ళడానికి వేరే చోటు లేకపోవడం.

మలెనాడు_మూర్తి
అందుకే చెప్పాను ఆగుంబె వెళ్ళండని. మనదీ అలాగే తోటలైపోకముందు.

వైట్‌ఫీల్డ్_వాణి
ముక్కలు కాని అడవి చూడాలంటే డనుమ్ వ్యాలీ ఉంది, లహద్ దాతు నుంచి వెళ్ళాలి. 2019లో అక్కడే 100.8 మీటర్ల ఎల్లో మెరంతి చెట్టుని కొలిచారు. కానీ చాలా ఖరీదు, ఈ ట్రిప్పులో ఇరికించకండి. తూర్పు తీరం దీవులకి వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం ప్రభుత్వ హెచ్చరికలు చూసుకునే వెళ్ళండి.

సిల్క్‌బోర్డు_బాధితుడు
వీసా?

వైట్‌ఫీల్డ్_వాణి
2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి ముప్పై రోజుల దాకా వీసా అక్కర్లేదు, టికెట్లు కొనే ముందు ఆ సడలింపు ఇంకా ఉందో లేదో సరిచూసుకోండి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది నకిలీ. ఇంకోటి, సబాకి సొంత ఇమిగ్రేషన్ ఉంది. కౌలాలంపూర్ నుంచి దేశం లోపలి విమానమే కదా అని పాస్‌పోర్టు పెద్ద బ్యాగులో వేసి లగేజీకి ఇచ్చేయకండి, కోట కినబాలులో మళ్ళీ చూపించాలి.

కొండ_పిచ్చోడు
మంగళవారం మంచానికి డబ్బు కట్టేశా. అమ్మకి చెప్పాం. "వాడు కొండెక్కితే నువ్వు కింద ఒక్కదానివే ఉంటావా? వాడిని వదిలేసి సంతలకి తిరుగు, పర్లేదు. నాకు ఆ అల్లం పచ్చడి ఒక సీసా తెచ్చిపెట్టు" అంది. హరితతో. నాతో కాదు.

గోంగూర_గ్యాంగ్
సీసాని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మీ బ్యాగులో కాదు, ఆయన బ్యాగులో పెట్టండి.

అనంతపూర్_అబ్బాయి
ఇంతవరకూ చదువుతూ కూర్చున్నా. మేం జూన్‌లో వెళ్దామనుకుంటున్నాం, ఏడేళ్ళ బాబు ఉన్నాడు. సుకావ్ పడవల్లో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉంటాయా?

జయనగర్_జానకి
బుక్ చేసే ముందే బస చేసే చోటుకి బాబు బరువు రాసి అడగండి. పెద్దవాళ్ళది వేసి తాడు బిగించి కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. జూన్ అంటున్నారు కాబట్టి బడి సెలవుల రద్దీ చూసుకోండి, అక్కడి పిల్లలకి కూడా ఆ రోజుల్లో సెలవులు వస్తుంటాయి.